గైడ్ కొరకు ప్రార్థన మనవి

ఆ ఆదివారం దేవకుమారి నోరు జారింది. జారక జారక చర్చి స్త్రీల సమాజం కూడికలో జారింది. కొవ్వూరులో ఆ కూడికలో ఒక ముక్క పడిందంటే సాయంత్రానికల్లా గోదావరి దాటి రాజమండ్రి చేరుతుంది. చేరేలోపు దానికి కాళ్లూ చేతులూ కూడా మొలుస్తాయి.

కూడిక చివర ఎవరి ప్రార్థన మనవులు వాళ్లు చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. ఒకావిడ మోకాళ్ల నొప్పులు చెప్పింది, ఇంకొకావిడ కొడుకు బీటెక్‌లో మిగిల్చిన సబ్జెక్టులు చెప్పింది, మూడో ఆవిడ కోడలి నోరు గురించి పేరు పెట్టకుండా చెప్పింది. అందరికీ ఆ కోడలెవరో తెలుసు.

"దేవకుమారి గారూ, మీరేంటండి, ఏమీ చెప్పరు?" అంది కృపారాణి. ఆవిడ సమాజం సెక్రటరీ. మనవులు ఆలకించడానికి దేవుడికి ఎంత ఓపికుందో గానీ, వాటిని నలుగురికీ చేరవేయడానికి కృపారాణికి అంతకు రెట్టింపు ఉంది.

"నాకు గైడ్ దొరకాలని ప్రార్థించండమ్మా. ఈ శుక్రవారంలోగా దొరక్కపోతే ఇంక లేనట్టే," అంది దేవకుమారి.

అందరూ ఆమేన్ అన్నారు. ఏ గైడ్, ఎందుకు గైడ్ అని ఒక్కరు అడిగితే ఒట్టు. మనవి అన్నాక వివరాలు అడగడం మర్యాద కాదు కదా, వివరాలు ఎవరికి వాళ్లు కల్పించుకోవాలి.

దేవకుమారి కొవ్వూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. నలభై రెండేళ్లొచ్చాయి. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి ఇంటర్ పిల్లలకి అవే సమీకరణాలు చెబుతూ వస్తోంది. బెంజీన్ వలయం ఎన్నిసార్లు గీసిందంటే, ఇంటి ముందు ముగ్గెయ్యమంటే అదే వేసేస్తుందని ఆమె భర్త విజయ్ పాల్ ఏడిపిస్తుంటాడు. క్రైస్తవుల ఇంటి ముందు ముగ్గేంటని అత్తగారు అనకముందే ఆ మాట అనేసి పారిపోతాడు కూడా. ఆయన ఆర్టీసీలో కండక్టర్. మాటలకి రేటు కట్టి టిక్కెట్టు కొడితే డిపో లాభాల్లోకి వచ్చేది.

నలభై దాటాక ఆమెకి పీహెచ్‌డీ మీద మనసుపడింది. పార్ట్ టైమ్ పీహెచ్‌డీ. చెప్పడానికి మూడు ముక్కలే, చేరడానికి మాత్రం మూడు చెరువుల నీళ్లు తాగాలి. ఎమ్మెస్సీలో మార్కులుండాలి, ఉన్నాయి. ఎంట్రన్స్ గట్టెక్కాలి, ఎక్కింది. కాలేజీ నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలి. ప్రిన్సిపాల్ దాన్ని జీడిపాకంలా సాగదీసి సాగదీసి చివరికి ఇచ్చాడు. చేరాక కోర్స్ వర్కు, దానికో పరీక్ష, పేపర్లు అచ్చు వేయించడం, సెమినార్లు, అప్పుడు థీసిస్. ఇవన్నీ తర్వాతి సంగతి. ముందు యూనివర్సిటీలో ఎవరో ఒక ప్రొఫెసర్ 'ఈవిడకి నేను గైడ్‌గా ఉంటాను' అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పట్టుకుని శుక్రవారం ఇంటర్వ్యూకి వెళ్లకపోతే ఎంట్రన్స్ ర్యాంకుని ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకోవడమే.

డిపార్ట్‌మెంట్‌లో తిరగని గది లేదు. ఒకాయన దగ్గర ఉండాల్సినంత మంది స్కాలర్లున్నారు, ఇంకొకరిని తీసుకుంటే రూలు ఒప్పుకోదు. ఒకావిడ రిటైర్‌మెంటుకి దగ్గరపడింది, కొత్తవాళ్లని తీసుకోకూడదు. ఇంకొకాయన పనంతా కంప్యూటర్ మీదేనట. ఆమెని ఎగాదిగా చూసి, "ఈ వయసులో కళ్లు పాడైపోతాయండి," అన్నాడు. ఆమె కళ్ల మీద అంత దయ ఆమె భర్తకి కూడా ఎప్పుడూ కలగలేదు.

ఆఖరికి హెడ్డు సత్యప్రసాద్ గారి గదికి వెళ్లింది. ఆయన మర్యాదకి పెట్టింది పేరు. అటెండర్ని కూడా అండి అంటాడు, ఫైలు విసిరికొట్టేటప్పుడు కూడా అండి అంటాడు.

"నా దగ్గరా ఖాళీ లేదండి. ఒక్కరి దగ్గరే ఉంది. మొన్ననే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారు. నా దగ్గరే పీహెచ్‌డీ చేశారండి. మీ కొవ్వూరే. జయంత్ గారని," అన్నాడు.

దేవకుమారి థాంక్సండీ అని బయటికి వచ్చి, జయంత్ గది ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

ఎందుకంటే ఆ జయంత్ ఎవరో కాదు, ఆమె శిష్యుడే. మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టువాళ్ల అబ్బాయి. బ్యూరెట్‌లో పోయాల్సిన పర్మాంగనేట్‌ని నోటితో పీల్చి వారం రోజులు గోధుమ రంగు మూతితో తిరిగిన ఘనుడు. సాయంత్రాలు ట్యూషన్‌కని వచ్చి ఆమె వంటింటి గడప మీద కూర్చునేవాడు. ఆమె ఒక చేత్తో పెసరట్టు వేస్తూ ఇంకో చేత్తో అట్లకాడ చూపిస్తూ, "ఒరేయ్, ఆ బాండు అక్కడ కాదురా వెధవా!" అని అరిచేది. అలాంటివాడి ముందు చేతులు కట్టుకుని నిలబడి, 'సార్, నన్ను మీ శిష్యురాలిగా తీసుకోండి' అనాలా? చస్తే అనదు. అందుకే దేవుడికి అర్జీ పెట్టుకుంది. పెట్టేటప్పుడు ఆ ఒక్క ఖాళీ సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. ఆయనకి తెలియదన్నట్టు!

సోమవారం పొద్దున్నే కృపారాణి ఖాళీ సీసాతో దిగింది.

"మా మనవడి బాప్తిస్మానికి యొర్దాను నీళ్లు కాసిని పట్టుకురండి దేవకుమారి గారూ. సీసా కడిగే తెచ్చానండి."

"యొర్దాను నీళ్లేంటండి?"

"యెరూషలేము వెళ్తున్నారుగా! గైడ్ కోసమే కదండీ నిన్న ప్రార్థన చేయించుకున్నారు? మంచి గైడ్‌ని చూసుకోండి. మా ఆడపడుచు వాళ్లకి దొరికినవాడు ఒలీవల కొండ చూపించకుండానే హోటల్‌కి తోలుకుపోయాడు."

ఆవిడకి విషయం చెప్పి పంపేసరికి పది దాటింది. కాలేజీకి వెళ్తే ఒక పిల్లాడి తల్లి అట్ట వేసిన ఇంటర్ కెమిస్ట్రీ గైడ్ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. "మార్కెట్లో దొరకట్లేదంట కదండి మేడమ్, మావాడిది పాతది ఉంది, ఉంచుకోండి," అంది. అంతలో ప్రిన్సిపాల్ పిలిచి, "విదేశీ యాత్రకైతే నేను కాగితం ఇవ్వలేదు మేడమ్," అన్నాడు. దేవకుమారికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ గోడకి కొత్తగా సున్నం వేశారని ఆగింది.

మంగళవారం సాయంత్రం పాస్టరుగారు శాంతికుమార్ అయ్యగారే వచ్చారు. ముఖం బాగా దిగాలుగా ఉంది. కాఫీ కూడా ముట్టుకోకుండా గొంతు తగ్గించి, "మనిషికి దారి తప్పడం సహజమమ్మా. మార్గదర్శి కావాలని సభలో అడిగారంటే మీ మనసు ఎంత నలిగిందో!" అన్నారు.

పక్క గదిలోంచి విజయ్ పాల్ పక్కున నవ్వాడు. దేవకుమారికి ఏడుపొచ్చినంత పనయింది.

"అయ్యగారూ, నేను దారీ తప్పలేదు, యెరూషలేమూ వెళ్లట్లేదు. పీహెచ్‌డీకి గైడ్ కావాలండి, అంతే!" అని మొదటి నుంచీ చెప్పింది. అయ్యగారు ఊపిరి పీల్చుకుని కాఫీ అందుకున్నారు.

"అయితే యూనివర్సిటీ మొత్తం మీద ఒక్కరికీ ఖాళీ లేదంటారా?"

అబద్ధమాడదామంటే ఎదురుగా అయ్యగారు. "ఒకడున్నాడండి," అంది నేల చూపులు చూస్తూ. "నా దగ్గర చదువుకున్న కుర్రాడు."

"మంచివాడు కాడా?"

"బంగారంలాంటివాడండి. కానీ నేను వాణ్ణి సార్ అనాలి కదండీ!"

అయ్యగారు కాఫీ ఊదుకుని తాగారు. "మరి దొరకలేదంటారేంటమ్మా? దేవుడు మీరు అడగకముందే ఇచ్చేశాడు. మీరు చీరల కొట్లో లాగా రంగు బాలేదు, మార్చి ఇమ్మంటున్నారు," అన్నారు. కప్పు కింద పెట్టి, మార్చి ఇవ్వడం ఆయన పద్ధతి కాదని కూడా చెప్పి వెళ్లారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సార్ అనడం సాధన చేసింది. విజయ్ పాల్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని జయంత్‌లాగా కూర్చున్నాడు.

"జయంత్ సార్, నమస్కారమండి. తమరు నన్ను... ఏంట్రా అలా చూస్తావు?"

"పోయింది, సీటు పోయింది!" అని ఆయన పళ్లెం మీద దరువేశాడు. నవ్వడం అయ్యాక, "నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాణ్ణి డిపోలో రోజూ సార్ సార్ అంటున్నాను. నా నోరేమైనా పడిపోయిందా? నీకు చదువు కావాలా, పంతం కావాలా?" అని అడిగాడు.

చదువే కావాలి. అందులో ఆమెకి అనుమానమే లేదు. బుధవారం సెలవు పెట్టి యూనివర్సిటీకి వెళ్లింది.

జయంత్‌కి ఇచ్చిన గది అంతకుముందు విరిగిన బెంచీలు పడేసే గది. ఆమెని చూడగానే లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది.

"మేడమ్! మీరా! కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదండి!"

"అవసరం నాది కదా... సార్."

సార్ ఎవరా అని జయంత్ వెనక్కి తిరిగి చూశాడు. గోడ తప్ప ఎవరూ లేరు. "ఆ మాటొద్దు మేడమ్," అన్నాడు.

కూర్చోండంటే కూర్చోండనుకున్నారు. ఇద్దరిలో ఒక్కరూ కూర్చోలేదు. అటుగా వెళ్తున్న అటెండర్ తల లోపలికి పెట్టి, "ఫ్యాన్ రిపేరుకొచ్చారా అండీ?" అని అడిగి పోయాడు.

ఆమె సంగతి చెప్పింది. జయంత్ చేతిలో పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

"ఏంటి, ఇష్టం లేదా?"

"భయం మేడమ్. నేను సెమినార్లో బోర్డు మీద రాస్తుంటే వెనక మీరు కూర్చుంటే నా చెయ్యి కదలదండి. ఇంటర్లోనూ కదిలేది కాదు." పెన్ను మూత పెట్టేసి తనే మళ్లీ అన్నాడు. "కానీ నాక్కూడా స్కాలర్ కావాలి మేడమ్. నా దగ్గరికి ఎవరూ రావట్లేదు. పేరా? లేదు. సామానా? లేదు. ఈ గది చూసి ఎవరొస్తారండి? ఒక్క స్కాలర్ దొరికితే వ్రతం చేయిస్తానని మా అమ్మ అన్నవరం మొక్కుకుంది."

దేవకుమారికి నవ్వాగలేదు. ఇటు నుంచి లూథరన్ స్త్రీల సమాజం, అటు నుంచి అన్నవరం సత్యనారాయణస్వామి, మధ్యలో కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు. ఇన్ని సిఫార్సులతో ఏ సీటైనా వచ్చి తీరాలి. ఆమె నవ్వితే జయంత్ కూడా నవ్వాడు. అప్పుడు గానీ ఇద్దరూ కూర్చోలేదు.

ఏం పని చేద్దామనుకుంటున్నారని అడిగాడు. జీడితొక్కల నూనె మీద, అంది. ఆమెది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లె. తల్లి జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఆ తొక్కలోని నూనె తగిలి వేళ్ల చర్మం పొరలు పొరలుగా ఊడేది, అన్నం కలుపుకోవడానికి కూడా అయ్యేది కాదు. ఎందుకు ఊడుతుందని చిన్నప్పుడు అడిగితే, జీడి కదే, అంతే అన్నారు. ఎమ్మెస్సీ దాకా చదివినా సిలబస్‌లో ఆ ముక్క రాలేదు. "ఇన్నేళ్లూ జవాబు పుస్తకం వెనకాల ఉన్న ప్రశ్నలే చెప్పాను. ఇది లేనిది," అంది.

జయంత్ వెంటనే సంతకం పెట్టేశాడు. పెట్టి, ఆమె బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి చేతులు నలుపుకున్నాడు.

"ఒక్క మాట మేడమ్. ఇంటర్వ్యూ బోర్డు ముందు మాత్రం నన్ను ఒరేయ్ అనకండి. సత్యప్రసాద్ సార్‌కి పద్ధతంటే ప్రాణం. తేడా వస్తే సీటు ఆపేస్తారండి."

"అంత తెలివి తక్కువదాన్ననుకున్నావా?" అని కోప్పడింది.

శుక్రవారం ఇంటర్వ్యూ. బల్లకి అటువైపు సత్యప్రసాద్ గారు, ఆయన పక్కన విశాఖపట్నం నుంచి పరీక్షకురాలిగా వచ్చిన ఒక పెద్దావిడ. కాబోయే గైడ్ కాబట్టి జయంత్ పక్క కుర్చీలో ఉన్నాడు, కుర్చీ అంచు మీద. కొత్త చొక్కా మడతలు కూడా విప్పుకోలేదు. దేవకుమారి నిలబడి అడిగినవన్నీ చెప్పింది. పెద్దావిడ రెండుసార్లు తల ఊపింది. సీటు వచ్చేసినట్టే అనిపించింది, అనిపించగానే ఆమెకి ధైర్యం వచ్చింది. అదే కొంప ముంచింది.

"పని ఎక్కడ మొదలుపెడతారో గైడ్‌గా మీరు చెప్పండి జయంత్ గారూ," అన్నాడు సత్యప్రసాద్.

జయంత్ లేచాడు, గొంతు సవరించుకున్నాడు. పచ్చి తొక్క నుంచి నూనె తీస్తామన్నాడు. అందులో ఎక్కువగా ఉండేది కార్డనాల్ కాబట్టి నేరుగా దాన్ని...

"ఒరేయ్ జయంత్! పచ్చి నూనెలో కార్డనాల్ ఎక్కడిదిరా? ఉండేది అనకార్డిక్ యాసిడ్ కదా, వేడి చేస్తే కదరా అది కార్డనాల్ అయ్యేది!"

"సారీ మేడమ్!" అని జయంత్ చేతులు కట్టేసుకున్నాడు.

దేవకుమారికి అప్పుడు తెలిసింది తనేం చేసిందో. నోట్లోంచి వచ్చిన మాటని నోట్లో కుక్కుకునే దారుంటే ఆ క్షణాన కుక్కుకునేది. అమ్మ వేళ్లూ, ఎంట్రన్స్ కోసం తెల్లవారుజామున లేచి చదివిన చదువూ, అన్నీ ఆ ఒక్క ఒరేయ్‌లో కొట్టుకుపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. తనని తను నాలుగు తిట్టుకుంది, అవి ఇక్కడ రాయదగినవి కావు.

సత్యప్రసాద్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇన్నేళ్ల సర్వీసులో గైడ్‌ని ఒరేయ్ అన్న స్కాలర్‌ని నేను చూడలేదండి. జయంత్ గారూ, ఈవిడ మీ మాట వింటారా?"

"వినరండి."

"మరి మీరెలా పనిచేయిస్తారు?"

జయంత్ ఆమె వైపు చూడలేదు. హెడ్డు వైపే చూస్తూ, తడబడుతూనే మొదలుపెట్టాడు.

"నాకు వినేవాళ్లు వద్దండి. ఆవిడ చెప్పింది కరెక్టు, నేను కంగారులో తప్పు చెప్పాను. నా దగ్గర ఇంకెవరైనా చేరితే ఆ తప్పు రాసుకుని వెళ్లి అదే చేస్తారండి. సార్ చెప్పారు కదా అని. నేనలాగే చేశాను."

"ఎక్కడ చేశారు?"

"మీ దగ్గరేనండి. రెండో సంవత్సరంలో మీరొక స్టెప్పు చెప్పారు. అది జరగదని నాకు వారంలోనే తెలిసిపోయింది. మీకు చెప్పే ధైర్యం లేక ఏడాదిన్నర అదే చేసుకుంటూ కూర్చున్నానండి. మా నాన్న పోయింది ఆ రోజుల్లోనే. ల్యాబ్‌లో పనుందని ఆస్పత్రిలో ఆయన దగ్గర సరిగ్గా ఉండలేదు. ఆ పని ఎందుకూ పనికిరాదని తెలిసే ఉండలేదండి."

పెద్దావిడ పెన్ను కింద పెట్టేసింది. దేవకుమారికి ఆ స్టీలు కొట్టాయన గుర్తున్నాడు, పోయారని విని పలకరించడానికి కూడా వెళ్లింది. ఇది మాత్రం తెలియదు.

సత్యప్రసాద్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. జన్మలో ఎవరినీ ఏకవచనంలో అనని మనిషి, "ఆ మాట అప్పుడే నాతో చెప్పొచ్చు కదరా!" అన్నాడు.

"చెబితే నా థీసిస్ మీద సంతకం పెట్టేవారా సార్?"

సత్యప్రసాద్ అద్దాలు తుడిచాడు, పెట్టుకున్నాడు.

"పెట్టేవాణ్ణి కాదు," అన్నాడు.

తర్వాత దేవకుమారి కాగితం తన వైపు లాక్కుని, సీటు ఇవ్వవచ్చునని రాసి సంతకం పెట్టాడు. కాగితం ఆమెకి అందిస్తూ, సోమవారం వచ్చి చేరమన్నాడు.